డాక్యుమెంట్ చెప్పేదొకటి, కోడ్ చేసేదొకటి: మీ ఫోన్‌లో అలారం ఎందుకు మోగదు?

2018 ఫిబ్రవరి గుర్తుందా ఫ్రెండ్స్? ఐఫోన్ వాడే ఫ్రెండ్‌కి వాట్సాప్‌లో ఒకే ఒక్క తెలుగు అక్షరం పంపితే చాలు, యాప్ టక్కున మూసుకుపోయేది. మళ్లీ ఓపెన్ చేస్తే మళ్లీ క్రాష్. అదే అక్షరం నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీనే కుప్పకూలేది. ఆ అక్షరం ‘జ్ఞా’. ‘జ్ఞానం’లో మొదటి అక్షరం. వెటకారం అంటే ఇదే!

నిజానికి మనం మామూలుగా టైప్ చేసే జ్ఞా వల్ల ఏమీ కాలేదు. జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనపడని ఇంకో క్యారెక్టర్ దూరి, ఆ తర్వాత దీర్ఘం వస్తేనే సమస్య. ఆ కనపడని దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పేరు వింటే హ్యాకర్ల సరుకులా ఉంది కానీ, మనకి దగ్గరి చుట్టమే. ఈ ఆర్టికల్‌లో ‘సాఫ్ట్‌వేర్’ అని రాసిన ప్రతిచోటా ‘ట్’కీ ‘వే’కీ మధ్య అదే కూర్చుని ఉంది. అది లేకపోతే వ కాస్తా ఒత్తుగా మారి ట కిందికి దిగిపోతుంది.

ఏ భాష అక్షరాల్ని కంప్యూటర్‌లో ఎలా దాచాలి, ఏది పక్కన ఏది వస్తే ఎలా కలవాలి అని చెప్పే పెద్ద డాక్యుమెంట్ ఒకటుంది. అదే యూనికోడ్ స్టాండర్డ్. తెలుగు గురించి దాని 12వ అధ్యాయంలో ఉంటుంది. ఆ కనపడని క్యారెక్టర్ ఈ చోట రాకూడదు అనే నిషేధం అందులో లేదు. అక్కడ దానికి పెద్ద పని లేకపోవచ్చు, కానీ వస్తే తప్పు కాదు. ఐఓఎస్‌లో అక్షరాలు గీసే కోడ్ మాత్రం ఈ వరసని తట్టుకోలేక తన మెమరీని తనే పాడుచేసుకుంది. అదే నెల 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 వదిలి సరిచేసింది.

ఈ కేసులో తీర్పు ఈజీ. డాక్యుమెంట్ రైట్, కోడ్ రాంగ్. కానీ సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో ఈ రెండింటికీ గొడవ వచ్చిన ప్రతిసారీ తీర్పు ఇంత సులువుగా రాదు. ఒక్కోసారి డాక్యుమెంటే తల వంచాల్సి వస్తుంది. ఒక్కోసారి రెండూ రైటే, అయినా మీ అలారం మోగదు. ఆ చివరిది నాకే జరిగింది, దాని దగ్గరికి వస్తాను.

డాక్యుమెంటేషన్ చేసే రెండు పనులు

కోడ్ మధ్యలో ప్రోగ్రామర్ రాసుకునే కామెంట్, గిట్‌హబ్‌లో కనపడే రీడ్‌మీ ఫైల్, ఏపీఐ రిఫరెన్స్, ఇందాక చెప్పిన యూనికోడ్ లాంటి స్టాండర్డ్, ఇవన్నీ డాక్యుమెంటేషనే. ప్లేస్టోర్‌లో ‘బగ్ ఫిక్సెస్, పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్స్’ అని ప్రతి అప్‌డేట్‌కీ అతికించే ఆ ఒక్క లైన్ కూడా డాక్యుమెంటేషన్ కిందకే వస్తుంది, సిగ్గుపడాల్సిన రకం అనుకోండి.

ఇవి చేసే పనులు రెండు. ఒకటి, కోడ్ ఏం చేస్తుందో వివరించడం. రెండోది, ఇకముందు కూడా ఇది ఇలాగే చేస్తుందని మాట ఇవ్వడం. చాలామంది మొదటి పనినే చూస్తారు. అందుకే ‘కోడే అసలైన డాక్యుమెంటేషన్, వేరే రాయడం దండగ’ అనే మాట ప్రోగ్రామర్ల నోట తరచూ వినపడుతుంది. అందులో సగం నిజం ఉంది. కామెంట్ పాతబడుతుంది, కోడ్ పాతబడదు. ‘ఇక్కడ 30 సెకన్లు ఆగుతాం’ అని కామెంట్ ఉంటుంది, కింద కోడ్‌లో 60 ఉంటుంది. రన్ అయ్యేది 60యే.

మిగతా సగం సంగతేంటి? ఆ 60 ఎందుకు వచ్చింది? కావాలని పెట్టారా, ఎవరో టెస్టింగ్ కోసం మార్చి మర్చిపోయారా? దాని మీద ఆధారపడి నేను నా యాప్ రాసుకోవచ్చా, వచ్చే నెల 90 అయిపోతుందా? కోడ్‌ని ఎంత తిరగేసినా ఇది దొరకదు. కోడ్ ఈరోజు ఏం జరుగుతుందో చెప్తుంది. రేపటి గురించి మాట ఇవ్వాల్సింది మనిషే, అది రాతలోనే ఉండాలి.

ఇప్పుడు ఏఐ టూల్స్‌కి కోడ్ ఇస్తే నిమిషంలో డాక్యుమెంటేషన్ రాసిచ్చేస్తున్నాయి కదా అంటారు. నేనూ వాడతాను. మొదటి పనికి అవి పనికొస్తాయి. రెండో పని వాటి చేతిలో లేదు. కోడ్‌లో బగ్ ఉంటే, ఆ బగ్‌ని కూడా ఫీచర్‌లా అందంగా వర్ణించి పెడతాయి.

ఫ్లాష్ ప్లేయర్‌లో గరగర శబ్దం

2010 చివర్లో జరిగిన ఒక గొడవ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నా దృష్టిలో ఈ టాపిక్ మొత్తానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

లైనక్స్‌లో ఫెడోరా 14 అనే వెర్షన్ వచ్చింది. అప్‌డేట్ చేసుకున్న కొందరికి ఒక వింత సమస్య. 64 బిట్ ఫ్లాష్ ప్లేయర్‌తో బ్రౌజర్‌లో పాటలు, వీడియోలు పెడితే సౌండ్ పాడైపోయి వస్తోంది. పాత వెర్షన్‌లో అదే ఫ్లాష్, అదే పాట శుభ్రంగా వినపడేవి. మారింది ఫ్లాష్ కాదు. దాని కింద ఉన్న గ్లిబ్‌సీ అనే లైబ్రరీ.

ఆ లైబ్రరీలో మెమ్‌కాపీ అని ఒక ఫంక్షన్ ఉంటుంది. మెమరీలో ఒకచోట ఉన్న డేటాని ఇంకోచోటికి కాపీ చేయడమే దాని పని. సీ భాషలో రాసిన దాదాపు ప్రతి ప్రోగ్రామూ దీన్ని వాడుతుంది. దీని డాక్యుమెంటేషన్‌లో మొదటినుంచీ ఒక షరతు ఉంది: తీసుకునే చోటు, పెట్టే చోటు ఒకదానిమీద ఒకటి పడకూడదు. పడేలా ఉంటే మెమ్‌మూవ్ అనే ఇంకో ఫంక్షన్ వాడండి అని.

ఈ షరతు ఎందుకో ఇలా చూడండి. వరసగా ఆరు డబ్బాలున్నాయి. రెండు నుంచి ఆరు వరకు ఉన్న సరుకుని ఒకటి నుంచి ఐదు డబ్బాల్లోకి జరపాలి. ముందు నుంచి మొదలుపెడితే రెండోది ఒకటిలోకి, మూడోది రెండులోకి, ఇలా హాయిగా జరిగిపోతుంది. వెనక నుంచి మొదలుపెట్టారనుకోండి, ఆరో డబ్బాలోది ముందుగా ఐదులోకి వచ్చి పడుతుంది. ఐదులో ఉన్నది ఇంకా తియ్యనేలేదు, అది పోయింది. తర్వాత ఐదు నుంచి నాలుగులోకి పోసేది కూడా ఆరోదాని సరుకే. చివరికి అన్ని డబ్బాల్లోనూ అదే ఉంటుంది.

ఏళ్ల తరబడి మెమ్‌కాపీ ముందు నుంచే కాపీ చేసేది. ఫ్లాష్ రాసినవాళ్లు షరతుని పట్టించుకోకుండా, ఒకదానిమీద ఒకటి పడే చోట్లకి కూడా దాన్నే వాడారు. ఇబ్బందేమీ కనపడలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. కొత్త గ్లిబ్‌సీలో కొన్ని ప్రాసెసర్ల మీద స్పీడ్ కోసం కాపీని వెనక నుంచి చేసేలా మార్చారు. అంతే, పాటలో ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి గరగర.

ఎవరిది తప్పు? గ్లిబ్‌సీ వైపు వాదన సూటిగా ఉంది. డాక్యుమెంట్‌లో ఉంది కదా, చదవకుండా వాడితే మా పూచీ లేదు. రూల్ ప్రకారం వాళ్లదే రైట్. కానీ ఆ బగ్ రిపోర్ట్ దగ్గరికి లైనస్ టోర్వాల్డ్స్ వచ్చాడు. లైనక్స్ కర్నెల్ సృష్టికర్త, మెత్తగా మాట్లాడే అలవాటు లేని మనిషి. ఆయన స్వయంగా కూర్చుని సమస్య మెమ్‌కాపీ దగ్గరే ఉందని తేల్చి, తాత్కాలికంగా సర్దుకోవడానికి చిన్న కోడ్ ముక్క కూడా ఇచ్చాడు. ఆయన వాదన సారాంశం ఇది: మామూలు యూజర్‌కి డాక్యుమెంట్‌లో ఏముందో అనవసరం. నిన్న పనిచేసింది ఈరోజు పనిచేయట్లేదు, మార్చింది మీరు. యూజర్ల ప్రోగ్రాములు చెడగొట్టకూడదు అనే సూత్రాన్ని కర్నెల్ విషయంలో ఆయన దశాబ్దాలుగా పట్టుకుని వేలాడుతున్నాడు.

చివరికి ఎవరు నెగ్గారంటే... ఇద్దరూ నెగ్గారు. 2011లో వచ్చిన గ్లిబ్‌సీ 2.14లో ఒకే పేరుతో రెండు మెమ్‌కాపీలు పెట్టారు. పాతకాలంలో బిల్డ్ చేసిన ప్రోగ్రాములు అడిగితే, మెమ్‌మూవ్‌లా జాగ్రత్తగా కాపీ చేసేది దొరుకుతుంది. కొత్తగా బిల్డ్ చేసినవాటికి డాక్యుమెంట్‌లో రాసిన కఠినమైన మెమ్‌కాపీయే దొరుకుతుంది. పాత తప్పులకి మాఫీ, కొత్తవాళ్లకి రూల్. ఫ్లాష్ ప్లేయరే 2020 చివర్లో రిటైరైపోయింది కానీ, ఆ ఏర్పాటు మాత్రం అలాగే ఉండిపోయింది.

అందరూ వాడితే అదే రూల్

గూగుల్‌లో పనిచేసిన హైరమ్ రైట్ అనే ఇంజినీర్ ఇలాంటివి చూసీ చూసీ ఒక మాట అన్నాడు, దాన్ని ఇప్పుడు హైరమ్ లా అంటారు. దాని భావం ఏంటంటే, మీ ఏపీఐని వాడేవాళ్ల సంఖ్య బాగా పెరిగాక మీరు డాక్యుమెంట్‌లో ఏం మాటిచ్చారన్నది లెక్కలోకి రాదు. బయటికి కనపడే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడి ఉంటారు. పాత కీప్యాడ్ ఫోన్‌లో ఒక బటన్‌ని రెండుసార్లు నొక్కితేనే పనిచేస్తుందని అలవాటుపడ్డ వాళ్లకి దాన్ని బాగుచేసి ఇస్తే కోప్పడతారు చూడండి, అలాగ.

మరి ఇది తెలిసినవాళ్లు ఏం చేయాలి? రెండు ప్రోగ్రామింగ్ భాషలు ఒకే సమస్యకి పూర్తిగా వ్యతిరేక దారులు పట్టాయి. ఇది నాకు భలే ఇష్టమైన పోలిక.

పేరు ఇస్తే విలువ తిరిగిచ్చే డేటా స్ట్రక్చర్ దాదాపు ప్రతి భాషలోనూ ఉంటుంది. గో భాషలో దాన్ని మ్యాప్ అంటారు, పైథాన్‌లో డిక్షనరీ. కాంటాక్ట్ లిస్ట్ లాంటిది అనుకోండి. అందులో ఉన్నవన్నీ వరసగా బయటికి తీస్తే ఏ ఆర్డర్‌లో వస్తాయి? ఏ ఆర్డరైనా రావచ్చు, నమ్ముకోవద్దు అని రెండు భాషల డాక్యుమెంట్లూ మొదట్లో చెప్పినవే.

గో వాళ్లు గమనించింది ఏంటంటే, జనం ఆ హెచ్చరికని పట్టించుకోకుండా టెస్టులు రాసేస్తున్నారు. ఒక మెషిన్ మీద పాసయిన టెస్ట్ ఇంకో రకం మెషిన్ మీద ఫెయిల్. 2012 మార్చిలో గో 1 విడుదల చేసినప్పుడు వాళ్లు ఏం చేశారో తెలుసా? ఆర్డర్‌ని కావాలనే కలగాపులగం చేసేశారు. మీరు అదే ప్రోగ్రామ్‌ని రెండుసార్లు నడిపితే రెండు రకాలుగా రావచ్చు. నమ్ముకోవద్దు అని రాసి ఊరుకోకుండా, నమ్ముకోవడమే కుదరకుండా చేశారు. డాక్యుమెంట్‌కి కోడ్‌ని కాపలా పెట్టారన్నమాట.

పైథాన్‌లో కథ ఇంకోలా నడిచింది. 2016 డిసెంబర్‌లో వచ్చిన పైథాన్ 3.6లో డిక్షనరీని కొత్తగా రాశారు. ఉద్దేశం మెమరీ తగ్గించడం. 3.5తో పోలిస్తే 20 నుంచి 25 శాతం తగ్గింది కూడా. దాంతోపాటు అనుకోని బోనస్ ఒకటి వచ్చింది. మీరు ఏ వరసలో పెడితే అదే వరసలో బయటికి వస్తున్నాయి. డాక్యుమెంట్‌లో మాత్రం ఇది లోపలి వ్యవహారం, దీన్ని నమ్ముకోవద్దు అని రాశారు. ఎవరు వింటారు? వరస బాగుంది, వాడేసుకున్నారు. 2017 డిసెంబర్‌లో పైథాన్ సృష్టికర్త గిడో వాన్ రోసమ్ ఇక వరస నిలబడాల్సిందే అని తేల్చేశాడు. 2018లో వచ్చిన 3.7తో అది అఫీషియల్ రూల్ అయింది. ఇక్కడ డాక్యుమెంటే కోడ్ దగ్గరికి నడిచి వచ్చింది.

ఏది మంచి పద్ధతి అని అడిగితే, నేను వాడేటప్పుడు పైథాన్‌వాళ్లే నచ్చుతారు, సుఖంగా ఉంటుంది. కానీ ఒక లైబ్రరీని పదేళ్లు నడపాల్సినవాడిగా ఆలోచిస్తే గో వాళ్ల మొండితనమే కరెక్ట్ అనిపిస్తుంది. ఇవ్వని మాటకి ముందే అడ్డుకట్ట వేశారు.

కోడ్‌లో ఉంది, డాక్యుమెంట్‌లో లేదు

ఇక మన ఆండ్రాయిడ్ దగ్గరికి వద్దాం. ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్ అందరూ చూడొచ్చు కదా. అందులో చాలా ఫంక్షన్ల మీద ‘హైడ్’ అని ఒక గుర్తు ఉంటుంది. అంటే కోడ్‌లో అది ఉంది, ఫోన్‌లో పనిచేస్తుంది, కానీ డెవలపర్లకి ఇచ్చే డాక్యుమెంటేషన్‌లో కనపడదు. మాట ఇవ్వని వస్తువు. మరి కోడ్ కళ్లముందు ఉంటే డెవలపర్లు ఊరుకుంటారా? రిఫ్లెక్షన్ అనే దొడ్డిదారిలో వెళ్లి వాడేసుకున్నారు.

ఇందులో పెద్ద పెద్దవాళ్లే ఉన్నారు. జింజర్‌బ్రెడ్ రోజుల్లో ఫేస్‌బుక్ యాప్ ఎంత లావైపోయిందంటే, యాప్‌లోని ఫంక్షన్ల వివరాలు దాచుకోవడానికి ఆండ్రాయిడ్ ఇచ్చిన చోటు దానికి సరిపోలేదు. 2013లో ఆ కంపెనీ ఇంజినీర్లే బ్లాగ్‌లో రాశారు: యాప్ నడుస్తుండగానే సిస్టమ్ లోపలి మెమరీలోకి వెళ్లి ఆ చోటుని తామే పెద్దది చేసుకున్నామని. ఏ మాన్యువల్‌లోనూ లేని పని. మీ ఇంట్లో అద్దెకి దిగినవాళ్లు గోడ కొట్టి గది పెంచుకున్నట్టు! తెలివితేటలకి దండం పెట్టొచ్చు, ఓనర్ పరిస్థితి మాత్రం ఆలోచించండి. గోడ జరపాలంటే ముందు అద్దెవాళ్ల పడక ఎక్కడుందో చూసుకోవాలి.

2018లో ఆండ్రాయిడ్ 9 పై వచ్చినప్పుడు గూగుల్ ఈ దొడ్డిదారులకి తలుపులు వేయడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా కాదు. హైరమ్ లా ఏంటో వాళ్లకి బాగా తెలుసు కాబట్టి, దాచిన ఫంక్షన్లని లిస్టులుగా విడగొట్టింది. కొన్ని పూర్తిగా బ్లాక్, కొన్ని ప్రస్తుతానికి వార్నింగ్‌తో సరి, కొన్ని కొత్త వెర్షన్‌ని టార్గెట్ చేసే యాప్‌లకే బంద్. మీలో ఎవరికైనా ఆ టైమ్‌లో అప్‌డేట్ చేశాక ఏదో పాత యాప్ కారణం తెలీకుండా ఆగిపోయి ఉంటే, ఇదీ ఒక కారణం అయి ఉండొచ్చు. ఫోన్‌ని తిట్టుకుని ఉంటారు. తప్పు ఆ యాప్ ఎక్కిన దారిది.

నాయనమ్మ మాత్ర, నా అలారం

ఇప్పుడు నా సొంత గోడు. మా నాయనమ్మకి రోజూ రాత్రి ఎనిమిదింటికి బీపీ మాత్ర. మర్చిపోతుంటే నేనే చిన్న రిమైండర్ యాప్ రాసి ఆవిడ ఫోన్‌లో వేశాను. ఫోన్ కంపెనీ పేరు వద్దులెండి, బడ్జెట్ ఫోన్, సొంత స్కిన్ ఉన్నది. డాక్యుమెంటేషన్ చదివే రాశాను. ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోన్ డోజ్‌లో, అంటే గాఢనిద్రలో ఉన్నా సరే, కచ్చితమైన టైమ్‌కి లేపే అలారం ఏపీఐ ఒకటుంది. అదే వాడాను. నా ఫోన్‌లో వారం రోజులు టెస్ట్ చేస్తే ఒక్కసారీ తప్పలేదు.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. “ఒరే, నీ గంట మోగట్లేదురా. మొన్నా లేదు, నిన్నా లేదు. నేనూ మర్చిపోయా. పొద్దున లేస్తే కళ్లు తిరిగాయి.”

గుండె ఝల్లుమంది. అప్పటిదాకా ఆవిడ మాత్రని గుర్తుపెట్టుకోవడానికి క్యాలెండర్ మీద టిక్ పెట్టుకునేది. నా యాప్ వచ్చాక ఆ అలవాటు మానేసింది. నేను బాగుచేద్దామని ఉన్నదాన్ని చెడగొట్టాను.

వెళ్లి చూస్తే ఏంటంటే, నాయనమ్మ పడుకునే ముందు రీసెంట్ యాప్స్‌లోకి వెళ్లి అన్నింటినీ తోసేస్తుంది. అలా చేస్తే ఛార్జింగ్ మిగులుతుందని పక్కింటి కుర్రాడు నేర్పాడట. మామూలు ఆండ్రాయిడ్‌లో అలా తోసేసినా అలారం పోదు. కానీ ఆ ఫోన్ స్కిన్‌లో తోసేయడం అంటే ఫోర్స్ స్టాప్ కిందే లెక్క. ఫోర్స్ స్టాప్ చేస్తే యాప్ పెట్టుకున్న అలారాలన్నీ రద్దయిపోతాయి, మళ్లీ యూజర్ తెరిచేదాకా రావు. ఇది ఆండ్రాయిడ్ పద్ధతే, కొత్తేం కాదు.

ఇప్పుడు చెప్పండి, ఎవరిది తప్పు? ఏపీఐ డాక్యుమెంట్‌లో అబద్ధం లేదు. ఆండ్రాయిడ్ కోడ్‌లో బగ్ లేదు. నా కోడ్ డాక్యుమెంట్ చెప్పినట్టే ఉంది. మధ్యలో ఎవరో ‘తోసేస్తే ఫోర్స్ స్టాప్’ అని ఒక నిర్ణయం తీసుకున్నారు. ఆ నిర్ణయం నేను వెతికిన ఏ అఫీషియల్ పేజీలోనూ కనపడలేదు.

ఇలా జరగకూడదనే గూగుల్ దగ్గర రెండు ఏర్పాట్లున్నాయి. ఒకటి సీడీడీ, అంటే కంపాటిబిలిటీ డెఫినిషన్ డాక్యుమెంట్. ఆండ్రాయిడ్ ఫోన్ అనిపించుకోవాలంటే ఏం ‘తప్పక’ చేయాలి, ఏం ‘చేస్తే మంచిది’ అని ప్రతి వెర్షన్‌కీ రాసి ఇస్తారు. రెండోది సీటీఎస్. ఇది కోడ్. సీడీడీలో రాసినవాటిలో టెస్టుకి లొంగేవాటిని ఫోన్ మీద నడిపి చూసే పెద్ద టెస్టుల కట్ట. ప్లేస్టోర్‌తో ఫోన్ అమ్మాలంటే ఇది పాసవ్వాలి. రాసిన మాటని రన్ అయ్యే టెస్ట్‌గా మార్చడం అన్నమాట. ఐడియా చాలా గట్టిది. పైథాన్‌లో 2001 నుంచి ఉన్న డాక్‌టెస్ట్ కూడా చిన్న సైజులో ఇదే పని చేస్తుంది. డాక్యుమెంటేషన్‌లో ఉదాహరణగా రాసిన కోడ్‌ని నిజంగా నడిపి, పక్కన రాసిన జవాబే వస్తోందా అని చూస్తుంది. రాకపోతే టెస్ట్ ఫెయిల్, ఎవరో ఒకరు వచ్చి సరిచేయాలి. డాక్యుమెంట్ చాటుగా పాతబడటానికి వీల్లేదు.

కానీ టెస్ట్‌కి లొంగనివి చాలా ఉంటాయి. బ్యాటరీ కోసం కంపెనీలు చేసే సర్దుబాట్లు అలాంటివే. ఆండ్రాయిడ్ 9 తర్వాతి సీడీడీల్లో, కంపెనీ సొంతంగా యాప్‌లకి ఆంక్షలు పెడితే ఏ యాప్‌లు ఆంక్షల్లో ఉన్నాయో యూజర్‌కి చూపించే దారి ఉండాలి అనే రూల్ చేర్చారు. అది ఏ మెనూలో, ఏ పేరుతో అన్నది మాత్రం ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది.

ఆ ఖాళీని నింపింది బయటివాళ్లు. నిద్రని ట్రాక్ చేసే అలారం యాప్ ఒకటి తయారుచేసే డెవలపర్లు, తమ అలారాలు మోగక యూజర్ల తిట్లు తిని తిని, ‘డోంట్ కిల్ మై యాప్’ అని ఒక సైట్ పెట్టారు. ఏ కంపెనీ ఫోన్ బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లని ఎంత దారుణంగా చంపుతుందో ర్యాంకులిచ్చి, ఏ సెట్టింగ్‌లోకి వెళ్లి ఏం మార్చాలో కంపెనీ వారీగా రాసి పెట్టారు. ఫోన్ తయారుచేసినవాళ్లు రాయాల్సిన డాక్యుమెంటేషన్‌ని దెబ్బలు తిన్నవాళ్లు రాశారు. మీ ఫోన్‌లో కూడా రిమైండర్లు, వాట్సాప్ నోటిఫికేషన్లు లేటుగా వస్తుంటే ముందు అక్కడ మీ కంపెనీ పేరు వెతకండి. చాలాసార్లు చేయాల్సింది ఒకటే: సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ ఆంక్షలు తీసేయడం, ఆటో స్టార్ట్ ఆన్ చేయడం. కొన్ని ఫోన్లలో రీసెంట్స్‌లో యాప్ మీద తాళం గుర్తు పెట్టే ఆప్షన్ ఉంటుంది, అది పెడితే తోసినా పోదు.

నాయనమ్మ ఫోన్‌లో అదే చేశాను. యాప్‌లో కూడా ఒక మార్పు చేశాను, మోగిన ప్రతిసారీ ఆ టైమ్‌ని నోట్ చేసుకుంటుంది. తెరిచినప్పుడు నిన్న మోగలేదని తేలితే పెద్ద ఎర్రక్షరాలతో చెప్తుంది. క్యాలెండర్ మీద టిక్‌లు మళ్లీ మొదలుపెట్టమని బతిమాలాను. పెడుతోంది.

ఇంకోటి, ఒక కాగితం మీద ‘సెట్టింగ్స్, బ్యాటరీ, ఈ యాప్, ఆంక్షలు వద్దు’ అని తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపుకి అతికించాను. ఎప్పుడైనా ఫోన్ రీసెట్ అయితే అమ్మైనా చూసి చేస్తుందని. పోయిన నెల ఆ ఫోన్‌కి పెద్ద అప్‌డేట్ వచ్చింది. అమ్మ ఫోన్ చేసి అడిగింది: “నువ్వు రాసిన మెనూ ఇందులో లేదేంట్రా? పేరు మార్చేశారా?”

మార్చేశారు. ఈ ఆదివారం వెళ్లి కొత్త కాగితం రాయాలి.